సంజాయిషీలో రాసిన పేరు

పనెవేజిస్
26 డిసెంబర్ 1974

పెద్దమ్మా,

నీ నడుం నొప్పి ఎలా ఉందని అడగను. పండగ ఎలా జరిగిందనీ అడగను. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా బస్సు డ్రైవర్ ప్రనాస్ చేతికిచ్చి పంపుతున్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

మొన్న మంగళవారం, ఇరవై నాలుగున, మధ్యాహ్నం బడి క్యాంటీన్‌లో నా కూతురు తన పెన్సిల్ పెట్టెలోంచి క్రిస్మస్ అప్పం బయటికి తీసింది. ఉన్ని చేతితొడుగుల్లో దాచి పంపావే, కాగితం కంటే పల్చగా, మీద పశువుల పాక బొమ్మ అచ్చువేసినది, అదే. మూడు పంపావు. వాటిని పొయ్యిలో వేయడానికి చెయ్యి రాలేదు, నోట్లో పెట్టుకోవడానికి మనసు రాలేదు. బీరువా మీద పెట్టాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. యూరాతె స్టూలెక్కి ఒకటి తీసుకుంది.

బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళంతా ఒకరి చేతిలోంచి ఒకరు తుంచుకుని తినాలని, ఎవర్నీ వదలకూడదని నువ్వు చెప్పావట. అది నీ మాట అక్షరాలా పాటించింది. తన బల్ల అయ్యాక పక్క బల్లకి వెళ్ళింది. అప్పుడు మిలీషియా ఆఫీసరు కూతురు, పోలీసు ఇంటి పిల్ల, ఏం చేసిందో తెలుసా? తుంచుకుంది, గుటుక్కున మింగింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. రెండో తరగతిలో సగం మందికి ఎలా తుంచాలో తెలుసు. ఎవరూ చూపించకుండా అది రాదు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా నీలాంటి వాళ్ళున్నారన్నమాట. వాళ్ళకి దాచుకోవడం తెలుసు, అంతే తేడా.

సరిగ్గా అప్పుడే మా హెడ్‌మిస్ట్రెస్ జూకియెనె లోపలికొచ్చింది. ఆ రోజున ఏ పిల్లలు బడికి రాలేదో లెక్క చూసుకోవడానికి ఏటా వస్తుంది. యూరాతె సరాసరి ఆమె దగ్గరికే వెళ్ళింది.

“మీరూ తుంచుకోండి టీచర్. మీరొక్కరే మిగిలారు.”

“ఇది ఎవరిచ్చారమ్మా?”

“ఇంట్లో ఉంది.”

“ఎలా తినాలో ఎవరు నేర్పారు?”

ఎక్కడో తేడా కొట్టిందని అప్పటికి మన పిల్లకి అర్థమైంది. “ఇంట్లో,” అని మాత్రం అంది. అప్పట్నుంచి బడిలో నోరు విప్పడం లేదు. జూకియెనె ఒక ముక్క తుంచుకుంది. తినడానికి కాదు, జేబురుమాల్లో చుట్టి తీసుకెళ్ళింది.

ఇంటికొచ్చాక అడిగాను. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞల్లో ఐదు, గడగడా అప్పజెప్పింది. వేసవిలో దాన్ని నీ దగ్గర దింపేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. గుడికి తీసుకెళ్ళొద్దని. నువ్వు సరేనన్నావు. కళ్ళలోకి చూసి మరీ సరేనన్నావు.

వచ్చే వేసవికి దాన్ని పంపను. ఉత్తరాల్లో దానికి ఏమీ రాయొద్దు. చేతితొడుగులు కూడా వద్దు.

ఎల్వీరా


గెర్వినె
31 డిసెంబర్ 1974

ఎల్వీరా,

యేసుక్రీస్తుకు మహిమ. నువ్వు పలకరించకపోయినా నేను పలకరిస్తాను, నన్ను అలా పెంచారు. నిన్నూ అలాగే పెంచాననుకున్నాను.

నీ ఉత్తరం ప్రనాస్ ఇచ్చేసరికి పంది కొవ్వు కరిగిస్తున్నాను. చదువుతూ చదువుతూ ఒక గిన్నె మాడ్చాను. ఆ పాపం నీదే.

గుడికి తీసుకెళ్ళనని మాటిచ్చాను. తీసుకెళ్ళలేదు. ఆదివారాలు నేను దివ్యపూజకి పోతుంటే అది పక్కింటి మెట్ల మీద పిల్లి పిల్లలతో ఆడుకునేది. కావాలంటే పక్కింటావిణ్ణి అడుగు. ఇంట్లో మాట్లాడొద్దని నువ్వు చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడే ముఖం మీదే కాదని ఉండేదాన్ని.

అసలు మొదలుపెట్టింది నేను కాదు, అదే. నా కుట్టుమిషను పక్కన నిలబడి గుండుసూదులు అందిస్తూ అడిగింది, “అమ్మమ్మా, దారి మలుపులో చెక్క మీద వేలాడుతున్నాయన ఎవరు?” అని. ఏం చెప్పమంటావు? మా కలెక్టివ్ ఫారం పొలాల మేస్త్రీ అని చెప్పనా? ఎవరో ఎండలో ఆరేశారని చెప్పనా? ఎవరో చెప్పాను. ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పాను. ఆ ఎందుకు అన్నది మొదలైతే ఎక్కడాగుతుందో నీకు తెలీదా? నువ్వు ఆ మిషను పక్కనే, అదే చోట నిలబడి, అంతకంటే ఎక్కువ అడిగావు. అన్నీ నేర్చుకున్నావు. తర్వాత విశ్వవిద్యాలయం వాళ్ళు నీకు వేరే నేర్పారు. దానికి నేనేమైనా ఉత్తరం రాసి తిట్టానా వాళ్ళని?

ఎవరు నేర్పారని వాళ్ళు మళ్ళీ అడిగితే నా పేరు చెప్పు. అపొలోనియా, దర్జీ పని చేస్తుంది, గెర్వినెలో బావి ఎదురుగా ఉన్న ఇల్లు. దాక్కునే అలవాటు నాకు లేదు.

చేతితొడుగులు ఎలాగూ అల్లేశాను, కాబట్టి పంపుతున్నాను. ఉన్నికి మతం లేదు.

నీ పెద్దమ్మ
అపొలోనియా


పనెవేజిస్
9 జనవరి 1975

పెద్దమ్మా,

విను. జోకులు పక్కనపెట్టి విను.

నన్ను సంజాయిషీ రాసివ్వమన్నారు. ఇరవయ్యో తారీఖులోగా. విద్యాశాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వస్తాడట. కాగితం మీద ప్రశ్న ఒక్కటే: పిల్లకు మత బోధ చేసినది ఎవరు? చట్టం నీకు తెలీదని కాదు, కానీ తెలియనట్టు బతుకుతావు కాబట్టి చెబుతున్నాను. సొంత పిల్లలకు తల్లిదండ్రులు ఇంట్లో ఏం చెప్పుకున్నా నేరం కాదు. అలా చెప్పుకునే తల్లి టీచరుగా మాత్రం ఉండకూడదు. కానీ తల్లీ తండ్రీ కాని మనిషి, పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెబితే, అది కోర్టు దాకా వెళుతుంది. మూడేళ్ళ దాకా వేయొచ్చు. నీకు అరవై నాలుగు.

పిల్లల్ని అని బహువచనం ఎందుకు వాడానంటే, నిన్న యూరాతె ఇంకో సంగతి చెప్పింది. బెంచీ మీద తనతో పాటు ఇంకో ఏడుగురు కూర్చునేవాళ్ళట. ఏడుగురు, పెద్దమ్మా. కిటికీకి అడ్డంగా పెళ్ళి గౌను వేలాడదీసేదానివట. ఎవరైనా వస్తే పిల్లలంతా గుండీలు ఏరుతున్నట్టు నటించాలట. అది చెబుతున్నప్పుడు నా కూతురి మొహం వెలిగిపోయింది. దానికి అదొక ఆట. నువ్వు దానికి ప్రార్థనతో పాటు దొంగచాటు బతుకు కూడా నేర్పావు.

ఇక ఇక్కడి సంగతి. సోమవారం తరగతి అందరి ముందు, బడి పిల్లలందరూ గౌనుకి పెట్టుకునే ఎర్ర నక్షత్రం బిళ్ళ దాని చేత తీయించారు. టీచరే పిన్ను ఊడదీసింది. గౌనుకి చిన్న చిరుగు పడింది. అది ఆ చిరుగు మీద చెయ్యి పెట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు చివరి బెంచీలో ఒక్కతే. ఎవరూ దాని పక్కన కూర్చోరు. గుటుక్కున మింగిన ఆ మిలీషియా ఆఫీసరు కూతురు కూడా. నేను గోడకి ఇవతల ఏడో తరగతికి నదుల పేర్లు చెబుతుంటాను. అవతల తరగతి మొత్తం ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతుంటే, అందులో దాని గొంతు లేదని నాకు తెలుస్తూ ఉంటుంది.

మా ఆయన రిమాస్ పనిచేసే చేపల ఓడ అట్లాంటిక్‌లో ఎక్కడో ఉంది. చేపల కాలం అయిపోయేదాకా, అంటే మార్చి చివరిదాకా ఆయన రాడు. ఇదంతా నేనొక్కదాన్నే చూసుకోవాలి.

నువ్వు చేయాల్సింది రెండే. పుస్తకాలు, నోట్సులు ఇంట్లోంచి తీసెయ్. పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకి పంపెయ్. నీ పేరు నేను రాయను. నాచేత రాయించకు.

ఎల్వీరా


గెర్వినె
14 జనవరి 1975

ఎల్వీరా,

యేసుక్రీస్తుకు మహిమ.

ఏడుగురు కాదు, తొమ్మిది మంది. ఇద్దరు పిల్లలు గవదబిళ్ళలతో రాలేదు, యూరాతె వాళ్ళని చూడలేదు. అబద్ధం ఎందుకని సరిదిద్దుతున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయమేసింది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారికి ఒళ్ళు మండింది. “నీ పేరు నేను రాయను” అంటావా? ఎందుకు రాయవు? నా పేరుకేం తక్కువ? జిల్లా ఆఫీసర్ల ముందు పల్లెటూరి దర్జీ పెద్దమ్మ ఉందని చెప్పుకోవడానికి సిగ్గా? నువ్వు కాలేజీలో చేరినప్పుడు కూడా దరఖాస్తులో పెంచినవారు అన్న చోట ఖాళీ వదిలావు. అప్పుడు నేనేమీ అనలేదు. చదువు పోతుందేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు ఎవరి చదువు పోతుంది? నీ కుర్చీ పోతుందని భయం. నా మీద ప్రేమని దానికి పేరు పెట్టకు.

ముప్పై ఏళ్ళుగా ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడుగుతారని చూస్తున్నాను. ఎవరూ అడగలేదు. కోటు భుజాలు సరిచేయమన్నారు, ప్యాంటు పొట్టి చేయమన్నారు, ఎవరు నేర్పారమ్మా పిల్లలకి అని ఒక్కరు అడగలేదు. ఇన్నాళ్ళకి అడిగారు. జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. దాన్ని నువ్వు మధ్యలో నిలబడి అడ్డుకుంటావా?

సంచీ సర్దుకున్నాను. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ఎండు రొట్టె, సబ్బు, కళ్ళజోడు, జపమాల. కుట్టాల్సిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకిచ్చేశాను. ఫెలిక్సాస్ ప్యాంటుకి మాత్రం ఒక కాలే అయింది, ఏం చేస్తాం.

ఎనిమిదో ఆజ్ఞ నీకు గుర్తుందా? అబద్ధ సాక్ష్యం పలకరాదు. నా పేరు రాయి. పెద్ద అక్షరాలతో రాయి. అక్షరదోషాలు లేకుండా రాయి.

అపొలోనియా


పనెవేజిస్
17 జనవరి 1975

పెద్దమ్మా,

సంచీ సర్దుకున్నావా. చాలా బాగుంది. ఎండు రొట్టె కూడా పెట్టుకున్నావు. ఆ తొమ్మిది మంది పిల్లలకి సంచులు ఎవరు సర్దుతారు? నిన్ను పట్టుకున్న మర్నాడు ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, ఒక్కొక్క పిల్లనీ నిలబెట్టి, “ఆ ముసలావిడ ఏం చెప్పింది, మీ అమ్మే పంపిందా” అని అడుగుతారు. ఆ అమ్మలు పాలకేంద్రంలో, బడిలో, ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళు. వాళ్ళని అడిగావా, మీకు సమ్మతమేనా అని? నీకు సాక్ష్యం చెప్పాలని ఉంది. నీ ముప్పై ఏళ్ళ కోరిక. దానికి తొమ్మిది ఇళ్ళు కావాలి, నా ఇల్లు పదోది.

నీ పేరు రాయమంటున్నావు. రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? నువ్వు పుణ్యాత్మురాలివి అవుతావు. నీ కోసం రహస్యంగా పూజలు చెప్పిస్తారు. మరి నేను? పెంచిన మనిషిని చేతులారా రాసిచ్చిన దాన్నవుతాను. జీవితాంతం. నువ్వు క్షమిస్తావు, నాకు తెలుసు, అది ఇంకా ఘోరం. ఇక యూరాతె. తను పెన్సిల్ పెట్టెలోంచి తీసిన అప్పం వల్ల అమ్మమ్మ జైలుకి పోయిందని ఆ ఎనిమిదేళ్ళ పిల్ల తెలుసుకుని బతకాలి. నీ దేవుడు దానికి ఏ ఆజ్ఞలో మందు చెప్పాడు?

సిగ్గు అన్నావు. ఆ దరఖాస్తులో ఖాళీ వదిలింది నీ పేరంటే సిగ్గుపడి కాదు. నువ్వు అప్పటికే అమ్మ సంగతి మీద రెండుసార్లు మిలీషియా ఆఫీసుకి వెళ్ళొచ్చావు. మూడోసారి నా వల్ల వెళ్ళకూడదని వదిలాను. పదమూడేళ్ళుగా నీకు అది చెప్పలేదు. నువ్వూ పదమూడేళ్ళుగా మనసులో పెట్టుకున్నావు. బాగానే ఉన్నాం ఇద్దరం.

ఒక మాట గుర్తుపెట్టుకో. బస్సెక్కి ఇక్కడికి రాకు. వస్తే తలుపు తీయను. నిజంగానే తీయను.

ఎల్వీరా


గెర్వినె
22 జనవరి 1975

ఎల్వీరా,

యేసుక్రీస్తుకు మహిమ.

ఇరవై వెళ్ళిపోయింది. నీ దగ్గర్నుంచి మాటా పలుకూ లేదు. నా పేరు రాసేసి ఉంటావు, చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నావు అనుకున్నాను. నిన్న పొద్దున తలుపు కొట్టారు. చూస్తే టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో కాగితం, బయట జీపు. సరే వచ్చారనుకున్నాను. “ఒక్క నిమిషం బాబూ” అని కోటు వేసుకున్నాను. పొయ్యి ఆర్పాను. సంచీ తెచ్చి అతని చేతికిచ్చాను, బరువుగా ఉందని. అతను పాపం పట్టుకున్నాడు.

“ఎక్కడికి పిన్నిగారూ?” అన్నాడు.

“నువ్వే చెప్పాలి నాయనా. జిల్లాకేగా?”

“నేను ఫారం క్లబ్బు నుంచి వచ్చానండీ. సైన్యం దినోత్సవానికి పన్నెండు ఎర్రజెండాలు అంచులు కుట్టాలి. గుడ్డ జీపులో ఉంది.”

అతని చేతిలో నా సంచీ. సంచీలో నా జపమాల. నవ్వుతావేమో నవ్వు. నాకు నవ్వు రాలేదు. జెండాలు కుడుతున్నాను. నా బతుకంతా ఇంతే అయింది, వాళ్ళ జెండాలకి అంచులు, బలిపీఠం గుడ్డలకి అంచులు, ఒకే మిషను మీద.

అంటే నువ్వు నా పేరు రాయలేదు. మరి ఎవరి పేరు రాశావు? వాళ్ళు కాగితం ఖాళీగా తీసుకోరు, నాకు తెలుసు. వెంటనే రాయి. ప్రనాస్ తిరుగు బస్సులో చూస్తాను.

అపొలోనియా


పనెవేజిస్
27 జనవరి 1975

పెద్దమ్మా,

నా పేరు రాశాను.

“నా కూతురు యూరాతెకు మత బోధ చేసినది నేనే. ఇంకెవరికీ సంబంధం లేదు.” రెండు వాక్యాలు. సంతకం.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చోబెట్టారు. జూకియెనె, ఇన్‌స్పెక్టరు, మూల టైపు మిషను దగ్గర ఒక అమ్మాయి. బల్ల మీద ఆ జేబురుమాలు, అందులో అప్పం ముక్క. జూకియెనె నా కాగితం చదివి నవ్వింది. వాళ్ళకి కావలసింది నేను కాదు. వేసవిలో పిల్ల ఎక్కడుందో వాళ్ళకి తెలుసు.

“మీరా? కిందటేడు నాస్తిక సభలో ఉపన్యాసం ఇచ్చింది మీరే కదా?”

“నేనే.”

“మరి మీరు నేర్పారంటే నమ్మమంటారా?”

“నమ్మడం మీ ఇష్టం.”

అప్పుడు ఇన్‌స్పెక్టరు అన్నాడు, చాలా మర్యాదగా, “అయితే పిల్లకి ఏం నేర్పారో మాకూ వినిపించండి,” అని. నాకు రాదని, అక్కడ దొరికిపోతానని వాళ్ళ లెక్క. నాకే ఆ అనుమానం ఉంది. పదిహేనేళ్ళయింది ఆ మాటలు నోటితో పలికి.

నిలబడ్డాను. పరలోక జపం మొదలుపెట్టాను. ఆగకుండా మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, ఆజ్ఞలు పదీ, తిరుసభ కట్టడలు, చావు బతుకుల్లో ఉన్నవాళ్ళ కోసం చెప్పేవి కూడా. ఆపమనేదాకా చెప్పాను. కోపంతో చెప్పాను పెద్దమ్మా. ఆ జూకియెనె మీద, ఆ జేబురుమాలు మీద, నీ మీద, ఒక్కొక్క మాటా రాయి విసిరినట్టు విసిరాను. ఒక్క మాట తప్పు పోలేదు. నీ మిషను చప్పుడు వినపడుతూనే ఉంది నాకు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే చెప్పింది. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. టైపు అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. దాని పెదవులు మాత్రం కదులుతున్నాయి, నాతో పాటే. నేను చూశానని అది చూసింది, తల దించుకుంది.

“ఇది గెర్వినె వైపు యాస,” అంది జూకియెనె. “మీకెవరు నేర్పారు?”

“మా అమ్మ.”

“ఆమె ఎక్కడుంటారు?”

“యాభై మూడులో చనిపోయింది. వెళ్ళి అడగండి.”

అంతటితో అయిపోయింది. ఫిబ్రవరి ఒకటి నుంచి నేను టీచర్ని కాను. రైల్వే స్టేషన్లో సామాన్ల గదిలో చోటుంది, వెళ్ళమన్నారు. పెట్టెలకి ఊళ్ళ పేర్ల చీటీలు అంటించాలి. ఎనిమిదేళ్ళు భూగోళం చెప్పినందుకు ఆ మాత్రం పని వచ్చు.

నీకు ఊరట కలగాలని ఇది రాయడం లేదు. ఏం జరిగిందో నీకు తెలియాలి, అంతే.

ఎల్వీరా


గెర్వినె
3 ఫిబ్రవరి 1975

ఎల్వీరా,

నీకు కృతజ్ఞతలు చెబుతాననుకుంటే పొరపాటు.

నిన్న కొవ్వొత్తుల పండగ. అందరూ వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని గుడి చుట్టూ తిరిగారు. నేను వెలిగించకుండా పట్టుకుని తిరిగాను. ఏ మొహంతో వెలిగించను? మనుషుల ముందు నన్ను ఒప్పుకున్నవాళ్ళని నేనూ ఒప్పుకుంటానని యేసు అన్నాడు. నన్ను అడిగినప్పుడు నా స్థానంలో నిలబడి జవాబు చెప్పింది ఎవరు? నమ్మని పిల్ల. ఆజ్ఞలు పదీ గడగడా చెప్పి, ఎనిమిదోది చెబుతూ చెబుతూనే తప్పిన పిల్ల. నా నోట్లో మాట లాక్కున్నావు నువ్వు. పైగా చచ్చిపోయిన నా చెల్లెలి మీద పెట్టావు. అది నీకు ఒక్క జపం నేర్పే దాకా బతికిందా? సైబీరియా నుంచి వచ్చేసరికి దానికి మాట్లాడే ఊపిరే లేదు.

ఈ పాఠాలన్నీ అయ్యాక ఆ పిల్ల గుడిలో మొదటి సత్ప్రసాదం తీసుకోవాలి కదా, అబద్ధం మీద ఎలా తీసుకుంటుంది? నాకు ఒప్పడం లేదు. గురువారం జిల్లా ఆఫీసుకి వెళుతున్నాను. నేర్పింది నేనని, మా అమ్మాయి అబద్ధం చెప్పిందని చెబుతాను. నీ ఉద్యోగం నీకు తిరిగి ఇస్తారు. నా సంచీ ఇంకా విప్పలేదు.

ఒక్క విషయంలో నువ్వన్నది నిజం. చివరి బెంచీ సంగతి. నేను పిల్లలకి ఏం చెప్పాలో ఆలోచించాను గానీ, అది తెలుసుకుని బడికి వెళ్ళి ఎక్కడ కూర్చుంటారో ఆలోచించలేదు. ఆ తొమ్మిది మంది తల్లుల్ని పిలిచి అడిగాను. ఐదుగురు పంపిస్తామన్నారు. నలుగురు వద్దన్నారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది, ఇన్నాళ్ళూ నాకు మొహం మీద వద్దని చెప్పలేకపోయిందట. అది కూడా నాకు తెలీదు.

అయినా గురువారం వెళతాను.

అపొలోనియా


పనెవేజిస్
5 ఫిబ్రవరి 1975

పెద్దమ్మా,

ప్రనాస్‌ని ఇది ఈ రోజే నీ చేతికి ఇవ్వమని, నువ్వు చదివేదాకా అక్కణ్ణించి కదలొద్దని చెప్పాను. కాబట్టి చదువు, అతని బస్సుకి ఆలస్యం అవుతోంది.

నువ్వు వెళితే నాకు ఉద్యోగం రాదు. తప్పుడు సంజాయిషీ ఇచ్చానని ఇంకో కాగితం వస్తుంది. నీకు కోర్టు. వద్దన్న ఆ నలుగురు తల్లులకి కూడా అదే. ఇదంతా నీకు తెలుసు. తెలిసీ వెళతానంటున్నావు, ఎందుకంటే నేను రాసింది అబద్ధం కాబట్టి. సరే. నీ బాధ అదొక్కటే అయితే దానికి నేను దారి చూశాను. నా ఇష్టం కొద్దీ చూడలేదు. వేరే దారి నువ్వు ఉంచలేదు.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివాక వంటింటి బల్ల దగ్గర యూరాతెని కూర్చోబెట్టాను. “అమ్మమ్మ ఎక్కడ ఆపింది?” అన్నాను. భయంగా చూసింది. నేను పరీక్ష పెడుతున్నాననుకుంది. “ఐదు అయ్యాయి,” అంది. “అయితే ఆరు,” అన్నాను. ఆరో ఆజ్ఞ దగ్గరే ఇరుక్కుపోయాను. వ్యభిచారం అంటే ఏమిటని అడిగింది. నేను అడిగినప్పుడు నువ్వేం చెప్పావో గుర్తుతెచ్చుకున్నాను: “పెద్దయ్యాక తెలుస్తుంది, సూది చూసుకో.” నేను అలా చెప్పలేదు. మాటిచ్చిన మనిషిని మోసం చేయడం అని చెప్పాను. “నాన్న చేస్తాడా?” అంది. “చేస్తే నాకు తెలిసిపోతుంది,” అన్నాను. ఏడుకి వెళ్ళాం.

పది దాకా చెప్పాను. ఒక్కొక్కటీ చెప్పాక, ఇది నేను నమ్మను, అమ్మమ్మ నమ్ముతుంది, అని కూడా చెప్పాను. నా ఇంట్లో ఇక దొంగచాటు ఉండదు. కిటికీకి ఏ గౌనూ వేలాడదీయలేదు. తలుపు గడియ పెట్టలేదు. నా కూతురికి నేను నేర్పుతున్నాను, అది నా హక్కు, దానికి నేను సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ కాగితం మీద ఉన్నది నిజం. నువ్వు జిల్లాకి వెళ్ళి అది అబద్ధమని చెబితే, ఈసారి అబద్ధం చెప్పేది నువ్వే.

అమ్మ పేరు చెప్పింది మాత్రం అబద్ధమే. దాని కోసం నువ్వే జపం చేసుకో.

కోపం తగ్గిందనుకోకు. నిన్న ఒక పెట్టె మీద గెర్వినె చీటీ తలకిందులుగా అంటించాను. నాకు ఆ నదులు కావాలి, ఆ ఏడో తరగతి పిల్లలు కావాలి. అవి నువ్వు తీసుకున్నావు. వాళ్ళు తీసుకోలేదని కాదు, కానీ వాళ్ళు నావాళ్ళు కాదు.

పాఠం అయ్యాక యూరాతె బల్ల మీద వేలితో గీతలు గీసింది. తర్వాత దానంతట అది ఇంకో ప్రశ్న అడిగింది. “అమ్మా, నమ్మనివాళ్ళు నేర్పితే అది లెక్కలోకి వస్తుందా?” అని.

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. నాకు తెలిసినవాళ్ళలో దీనికి జవాబు చెప్పగలిగేది నువ్వొక్కదానివే. అలాంటిదానివి గురువారం జీపెక్కి పోతానంటున్నావు. కూర్చుని రాయి. నాకు కాదు, దానికి. చిన్న మాటల్లో రాయి, నన్ను తిట్టకుండా రాయి. తిట్టకుండా ఉండలేకపోతే తిట్టే రాయి. ఆదివారం నేనే దానికి చదివి వినిపిస్తాను. ఒక్క మాట కూడా మార్చను.

నీ
ఎల్వీరా